కొత్త మెటల్లో బరువు తగ్గిందా, నా చెవులకే వయసొచ్చిందా?

గాజువాక_గిటారు · శనివారం రాత్రి 11:40

తిట్టడానికి పెట్టిన పోస్టు కాదిది, ముందే చెబుతున్నా. మూడు నెలలుగా కొత్త హెవీ మెటల్ (మోత ఎక్కువుండే గిటారు రాక్) ఆల్బమ్‌లు పట్టుబట్టి వింటున్నా. రాత్రి షిఫ్టు దిగి కంపెనీ బస్సెక్కితే ఇంటికి 40 నిమిషాలు. లింకిన్ పార్క్ 'ఫ్రమ్ జీరో' 32 నిమిషాలే కాబట్టి మా స్టాపు రాకముందే అయిపోతుంది. మెటాలికా '72 సీజన్స్' 77 నిమిషాలు, రానూ పోనూ అదొక్కటే సరిపోతుంది. అందులో సగం పాటలు తీసేసి చివరి 'ఇనమొరాటా' ఒక్కటి ఉంచినా నాకు అభ్యంతరం లేదు.

ఇక అసలు సంగతి. గిటారుకి ఏడో తీగ తగిలించారు, ఎనిమిదో తీగా తగిలించారు. ట్యూనింగ్ (తీగల శ్రుతి) పాతాళానికి దించారు. అయినా గుండెల మీద పడాల్సిన దెబ్బ పడటం లేదేమిటి? డ్రమ్స్ వింటుంటే పాత కోర్టు ఆఫీసులో టైపు మిషన్లు గుర్తొస్తున్నాయి. స్లీప్ టోకెన్ 'ఈవెన్ ఇన్ ఆర్కేడియా' (2025 మే) అమెరికాలో బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది, సంతోషం. కానీ 'కారమెల్' పాట మొదలైతే పక్కసీటాయన "ఏ సినిమాలోది బాబూ" అని అడిగాడు. మెటల్ వింటుంటే జనం అడగాల్సిన ప్రశ్న అదా?

నచ్చినవీ ఉన్నాయి. జూడాస్ ప్రీస్ట్ 'ఇన్విన్సిబుల్ షీల్డ్' (2024) వచ్చేనాటికి రాబ్ హాల్‌ఫర్డ్‌కి 72 ఏళ్ళు. ఆ వయసులో మా నాన్న మెట్లెక్కితే ఆయాసపడేవాడు, ఈయన ఇంకా పైస్థాయిలో కూత పెడుతున్నాడు. బ్లడ్ ఇన్‌కాంటేషన్ 'అబ్సల్యూట్ ఎల్స్‌వేర్' మొత్తం రెండే పాటలు, ఒక్కోటి ఇరవై నిమిషాల పైమాట. డెత్ మెటల్ నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆకాశంలోకి వెళ్ళిపోతుంది.

మీరేమంటారు? లోపం పాటల్లోనా, నాలోనా?

భీమిలి_బాతాఖానీ · శనివారం రాత్రి 11:52

చెవులకి వయసు రాలేదు గానీ నీ గిటారు తీగలకి వచ్చుంటుంది. ఆ ఉప్పుగాలికి నా బేస్ తీగలు పదిహేను రోజుల్లో గోధుమరంగుకి వస్తున్నాయి. మా అమ్మ చూసి "చింతపండు రాసి తోమనా" అంది.

రిషికొండ_రిఫ్ · ఆదివారం 12:15 (అర్ధరాత్రి)

అన్నా, గౌరవంతోనే చెబుతున్నా, మీరు చెప్పింది ఒప్పుకోను.

నేను బీటెక్ మూడో ఏడు. మా హాస్టల్లో మెటల్ వినేవాళ్ళు నాతో కలిపి ముగ్గురం. ఆ మిగతా ఇద్దరూ స్లీప్ టోకెన్ వల్లే వచ్చారు. ఆ బ్యాండు వాళ్ళ మాస్కులు చూసి నవ్వుకుంటూ మొదలుపెట్టి, 'టేక్ మీ బ్యాక్ టు ఈడెన్' (2023) పూర్తిగా విన్నారు. అక్కడినుంచి డెఫ్టోన్స్, ఇప్పుడు మెషుగ్గా. తలుపు ఎలా ఉంటేనేం, లోపలికి వచ్చారు కదా. మీ రోజుల్లో తలుపు గన్స్ ఎన్ రోజెస్, మా రోజుల్లో ఇది.

ఇంకొకటి, స్లీప్ టోకెన్ 'ఎమర్జెన్స్' పాట చివర శాక్సఫోన్ వస్తుంది. మెటల్లో శాక్సఫోన్ ఏమిటని అంటారేమో. మన పెళ్ళిళ్ళలో బ్యాండు మేళం వాళ్ళు శాక్సఫోన్‌తో సినిమా పాట వాయిస్తే లేని అభ్యంతరం దీనికెందుకు?

'ఫ్రమ్ జీరో' నిడివి మీద జోకు బాగుంది గానీ, ఆ ఆల్బమ్ రావడమే పెద్ద విషయం. లింకిన్ పార్క్ గాయకుడు చెస్టర్ 2017 జూలైలో పోయినప్పుడు నేను ఏడో తరగతి. మా అన్నయ్య గది తలుపేసుకుని రోజంతా బయటికి రాలేదు. 2024 సెప్టెంబరులో కొత్త గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కొత్త పాట వచ్చినప్పుడు అన్నయ్య బెంగుళూరు నుంచి ఫోన్ చేసి, "విన్నావా" అన్నాడు. విన్నానన్నాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. 'హెవీ ఈజ్ ద క్రౌన్'లో ఆమె పదిహేను సెకన్లకు పైగా ఊపిరి తీసుకోకుండా అరుస్తుంది. అదీ బరువు కాదంటారా?

గాజువాక_గిటారు · ఆదివారం 12:31 (అర్ధరాత్రి)

ఆ అరుపు దగ్గర నేనూ ఆగాను తమ్ముడూ, కాదనను. అన్నయ్య సంగతి విన్నాక ఆ జోకు వెనక్కి తీసుకుంటున్నా.

ఉక్కునగరం_తాత · ఆదివారం ఉదయం 6:05

లేచేసరికి ఇంత గొడవా! నేను పొద్దున్నే వాకింగ్ మానేసి ఇది రాస్తున్నాను, మా ఆవిడకి చెప్పకండి.

గాజువాక బాబూ, బరువు గురించి అడిగావు. నాకు తెలిసింది చెబుతాను. నాకు పెద్ద ఉద్యోగం రాకముందు ఒక చిన్న రేకుల షెడ్డులో పనిచేసేవాణ్ణి. ఏ షెడ్డో ఇప్పుడనవసరం. 19 ఏళ్ళ వయసులో రేకు కత్తిరించే మిషను కింద ఎడమచేతి మధ్యవేలు కొస పోయింది. గోరుతో సహా. ఇప్పటికీ చన్నీళ్ళు తగిలితే అక్కడ జివ్వుమంటుంది, లేని గోరు దగ్గర.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి ఎవరో క్యాసెట్ ఇస్తే బ్లాక్ సబ్బాత్ విన్నాను. గిటారిస్టు టోనీ అయోమీ కథ అప్పుడు తెలిసింది. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ, 17 ఏళ్ళు, ఉద్యోగంలో అదే ఆఖరి రోజు. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. ఆయన ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కే చెయ్యే పోయిందన్నమాట. ఏం చేశాడో తెలుసా? గిన్నెలు తోమే సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసా కరిగించి వేలి తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించాడు. గట్టి తీగలు నొక్కలేక బాంజో తీగలు ఎక్కించాడు. 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'కి వచ్చేసరికి ట్యూనింగ్ మూడు స్వరస్థానాలు దించేశాడు. తీగ వదులైతే వేలికి సుఖం.

అంటే బాబూ, మీరంతా బరువు బరువు అంటున్న ఆ మోత, నొప్పి తగ్గించుకోవడానికి ఒక పనివాడు పడిన పాట్లలోంచి వచ్చింది. ఇప్పటివాళ్ళు నొప్పి లేకుండా ట్యూనింగ్ దించుతున్నారు. తప్పని కాదు. కానీ నువ్వు వెతుకుతున్నది అందులో దొరకదేమో.

2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లో వాళ్ళ ఆఖరి కచేరీ. వాళ్ళ గాయకుడు ఆజీ నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. సరిగ్గా 17 రోజులకి పోయాడు. ఆ రోజు మా ఇంట్లో టీవీలో సీరియల్ ఆపించి పాట పెట్టాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో అలా ఆపించడం అదే మొదటిసారి.

భీమిలి_బాతాఖానీ · ఆదివారం ఉదయం 8:20

తాతగారూ దండాలు. సీరియల్ ఆపించారంటే అయోమీ కన్నా మీరే మొనగాళ్ళు.

డబుల్‌పెడల్ · ఆదివారం ఉదయం 10:45

ఈ వేదికలో డ్రమ్స్ వాయించేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి టైపు మిషన్ల ముక్క నాకే తగిలింది. కొంచెం పొడుగ్గా చెబుతాను.

గాజువాక గారూ, మీకు తెలియకుండానే సరైన చోట వేలు పెట్టారు. ఇప్పటి రికార్డింగుల్లో చాలావాటిలో జరిగేదేమిటంటే, డ్రమ్మర్ చెవిలో క్లిక్ (తాళం లెక్కపెట్టే టిక్ టిక్) వింటూ వాయిస్తాడు. తర్వాత కంప్యూటర్లో ఒక్కో దెబ్బనీ సరిగ్గా ఆ క్లిక్ గీత మీదికి జరుపుతారు. దాన్ని క్వాంటైజ్ చేయడం అంటారు. బేస్ డ్రమ్ము అసలు శబ్దం తీసేసి, ముందే రికార్డు చేసి పెట్టుకున్న ఒకే దెబ్బని అన్నిచోట్లా అతికిస్తారు. పాటలో వెయ్యి దెబ్బలుంటే వెయ్యీ ఒకే అచ్చు. మీకు టైపు మిషన్ వినబడటంలో వింతేం లేదు.

మా అమ్మమ్మ వాళ్ళది విజయనగరం అవతల పల్లె. చిన్నప్పుడు తప్పెటగుళ్ళు చూశాను. గుండెలకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో పదిహేను ఇరవై మంది గుండ్రంగా తిరుగుతూ ఒక్కసారి గెంతుతారు. ఇరవై మందీ నేల మీద పడేది ఒకే క్షణంలో కాదు. ఒకడు వెంట్రుకవాసి ముందు, ఇంకొకడు వెనక. అందుకే అది 'టక్' అని వినబడదు, 'ఘల్లు'మని పరుచుకుంటుంది. మట్టి కదిలినట్టు పాదాలకి తెలుస్తుంది. నేను డ్రమ్స్ ఎక్కింది ఆ మోత వినే. మీరు కోల్పోయింది ఆ వెంట్రుకవాసి.

అయితే ఒక గొడవ. కొత్తవాళ్ళందరినీ ఆ గాటన కట్టేయకండి. స్లీప్ టోకెన్ డ్రమ్మర్ పేరు బయటపెట్టరు, రెండు అని అంకె మాత్రమే. ఆయన స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్ము) మీద పెద్ద దెబ్బల మధ్య వినీ వినబడకుండా వేసే చిన్న దెబ్బలు ఉంటాయి. మృదంగం వాయించేవాళ్ళు ఎడమచేత్తో గుమ్కీ తీస్తారే, అలాంటి అల్లరి. అవి మీ బస్సు ఇంజను మోతలో ఎలా వినబడతాయండీ? ఇయర్‌ఫోన్స్ ఏవి వాడుతున్నారో ఒకసారి చెబుతారా?

మెల్లటిదీ గట్టిదీ తేడా లేకుండా శబ్దాన్ని నొక్కేయడం కొత్త జబ్బేం కాదు. 2008లో మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' సీడీ అంతా ఒకే గోడలా నొక్కేసి వచ్చింది. అదే ఆల్బమ్ గిటార్ హీరో గేములో ఊపిరాడేలా వినబడిందని అభిమానులే పట్టుకున్నారు. అంటే పాతవాళ్ళూ పాపం చేశారు.

గాజువాక_గిటారు · ఆదివారం ఉదయం 11:10

జగదాంబ దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్నవి. 120 రూపాయలు. ఎడమవైపుది అప్పుడప్పుడూ పలుకుతుంది.

డబుల్‌పెడల్ · ఆదివారం ఉదయం 11:12

ఒక చెవితో విని, మూడు నెలల తీర్పు ఇచ్చారా!

భీమిలి_బాతాఖానీ · ఆదివారం ఉదయం 11:13

కేసు కొట్టేయడమైనది.

కంచరపాలెం_కేక · ఆదివారం మధ్యాహ్నం 2:30

భోజనం చేసి వచ్చాను, ఇప్పుడు గొంతు సంగతి మాట్లాడుకుందాం. డ్రమ్స్, గిటార్ల గురించే కొట్టుకుంటున్నారు గానీ పాడేవాడిని ఎవరూ పట్టించుకోరు.

ఓపెత్ 'ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్' (2024 నవంబరు) విన్నారా? 2008 తర్వాత ఓపెత్ ఆల్బమ్‌లో గ్రౌల్ (రాక్షసుడిలా గర్జిస్తూ పాడటం) లేదు, పదహారేళ్ళకి తిరిగొచ్చింది. ఇంతకీ కథేమిటంటే ఇంటి పెద్దాయన పోతాడు, పిల్లల్ని కూర్చోబెట్టి వీలునామా చదువుతారు, ఎవరు ఎవరి పిల్లలో ఒక్కో గుట్టూ బయటపడుతుంది. మొదటి ఏడు పాటలకి పేర్లు కూడా లేవు, వీలునామాలో పేరాల్లా అంకెలే. మన పక్క ఆస్తి తగాదాలు చూసినవాడికి ఇందులో ఒక్క ముక్క కొత్త కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట వేపచెట్టు కింద కూర్చుంటే ఇలాంటివి పది ఆల్బమ్‌లు వస్తాయి. చచ్చిపోయిన పెద్దాయన గొంతుకే గ్రౌల్ ఎక్కువ వాడాడు మికేల్ ఓకర్‌ఫెల్ట్. మామూలు గొంతు, రాక్షస గొంతు మధ్య మారడంలో కథ ఉంది. నేను బరువు అనేది దాన్ని.

మా తాత పౌరాణిక నాటకాలు వేసేవాడు. హార్మోనియం మీద శ్రుతి పట్టుకుని పద్యం చివర రాగం లాగితే కింద జనం వన్స్ మోర్ అరిచేవారట. మైకు సరిగ్గా లేని పందిట్లో చివరి వరసకి వినబడాలి మరి. హాల్‌ఫర్డ్ కూత విన్నప్పుడల్లా నాకు ఆ పద్యాలే గుర్తొస్తాయి. అందుకే మెటల్ మనది కాదని ఎవరన్నా అంటే నాకు నవ్వొస్తుంది.

ఒక తమాషా చెబుతాను. బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ (1970) మొదటి పాటలో మూడే స్వరాల రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటారు వరస). అందులో భయపెట్టేది మన లెక్కలో షడ్జమం నుంచి ప్రతిమధ్యమానికి దూకడం. ఐరోపాలో దానికి దయ్యం స్వరం అని పేరు పడింది. మనకో? స, ప్రతిమధ్యమం రెండూ ఉన్న కళ్యాణి రాగం శుభకార్యాల్లో పాడుకుంటాం! వాళ్ళ దయ్యం మనింట్లో పెళ్ళి పెద్ద. స్వరంలో ఏమీ లేదు మాస్టారూ, ఎక్కడ ఆగాడు, ఎంతసేపు ఆగాడు అన్నదే లెక్క.

రిషికొండ_రిఫ్ · ఆదివారం మధ్యాహ్నం 3:05

అన్నా, మరి తెలుగులో మెటల్ పెద్దగా ఎందుకు లేదు? ఢిల్లీ వాళ్ళు బ్లడీవుడ్ ఢోలు పెట్టి, హిందీ పంజాబీల్లో పాడి ప్రపంచమంతా తిరుగుతున్నారు. 2025 మార్చిలో 'ను ఢిల్లీ' ఆల్బమ్ వచ్చింది, జపాన్ బేబీమెటల్‌తో కలిసి 'బేఖౌఫ్' చేశారు. మెటల్ కాకపోయినా, మలయాళంలో అవియల్ బ్యాండు 2008లోనే రాక్ ఆల్బమ్ చేసి చూపించింది. మనకేమైంది?

కంచరపాలెం_కేక · ఆదివారం మధ్యాహ్నం 3:40

ప్రయత్నించాను తమ్ముడూ. తెలుగులో మాట అచ్చుతో ఆగుతుంది. గ్రౌల్‌కి కొసలో హల్లు తగిలి తెగాలి. 'డెత్' అంటే తెగుతుంది, 'మరణము' అంటే జారిపోతుంది. మొదట్లో నా పాట విని మా చెల్లి "అన్నయ్యకి కడుపునొప్పి" అంది.

తర్వాత తెలిసింది, మామూలు మాటలు కాదు, దండకం నడక పట్టుకోవాలి. ఒత్తులు, ద్విత్వాలు వరసగా పడితే గొంతు దానంతటదే బొంగురుపోతుంది. 'భగ్గున', 'దిగ్గున', 'ఉక్కు', 'నిప్పు' పదాలు పెట్టి ఒక పాట రాశాను. మన ఊళ్ళో ఇలాంటి మాటలకి కరువా? పొద్దున లేస్తే ఉక్కు, సాయంత్రం ఉప్పు.

గాజువాక_గిటారు · ఆదివారం మధ్యాహ్నం 3:58

ఆ పాట వాయించిన రోజు నేనూ ఉన్నాను, చెప్పు చెప్పు.

కంచరపాలెం_కేక · ఆదివారం సాయంత్రం 4:20

చెప్పక తప్పదా! ఒక కాలేజీ ఫెస్టు, పేరు వద్దు. మా వంతు రాత్రి తొమ్మిదిన్నరకి. ఈయన గిటారు మొదటి రిఫ్ కొట్టగానే సౌండాయన పరిగెత్తుకొచ్చి, "బాబూ మీ గిటారు కరకరలాడుతోంది, కేబుల్ పోయింది" అన్నాడు. అది అంతేనండీ అంటే వినడే! స్టేజీ వెనక్కి వెళ్ళి ఆ కరకర పుట్టించే డిస్టార్షన్ పెడల్ తీగ పీకి గిటారుని నేరుగా కలిపేశాడు. నేనేమో లోకం తగలబడిపోయేలా గ్రౌల్ చేస్తున్నా, వెనక గిటారు భజన గుళ్ళో వీణలా టింగు టింగుమంటోంది. ముందువరస పిల్లలు కామెడీ స్కిట్ అనుకుని చప్పట్లు కొట్టారు. పాట అయ్యాక సౌండాయన వచ్చి, ఎంతో ప్రేమగా, "ఇప్పుడు క్లియర్‌గా ఉంది చూడండి" అన్నాడు. ఏమనగలం?

ఉక్కునగరం_తాత · ఆదివారం సాయంత్రం 6:15

కళ్ళనీళ్ళు వచ్చాయి నవ్వలేక. సరే, ఈ బస్సు ఇయర్‌ఫోన్ల గోల తేలాలంటే ఒకటే దారి. మా ఇంట్లో పాత స్పీకర్లు రెండున్నాయి, ఆంప్లిఫయర్ ఉంది. కూర్మన్నపాలెం రండి. రేపు సాయంత్రం మా ఆవిడ గుడికెళ్తుంది, ఆరు నుంచి ఎనిమిది వరకు మనదే రాజ్యం.

గాజువాక_గిటారు · సోమవారం రాత్రి 10:50

వెళ్ళాం. నేను, కేక, డబుల్‌పెడల్, రిషికొండ తమ్ముడు. భీమిలి వాడు ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఏడున్నరకి దిగాడు, చేతిలో బీచ్ నుంచి తెచ్చిన మురీ మిక్చర్ పొట్లాలు, అప్పటికే మెత్తబడిపోయాయి.

ముందు 'ఈవెన్ ఇన్ ఆర్కేడియా' పెట్టాం. డబుల్‌పెడల్ నా పక్కన కూర్చుని ఆ చిన్న దెబ్బలు వచ్చినప్పుడల్లా మోకాలి మీద వేలితో కొట్టి చూపించింది. ఉన్నాయి. నిజంగానే ఉన్నాయి. మూడు నెలలు విన్న పాటలో నేను వినని మనిషి ఒకడున్నాడు. ఆ ఆల్బమ్ డ్రమ్స్ మీద నా టైపు మిషన్ మాట ఉపసంహరించుకుంటున్నా. 'కారమెల్' మాత్రం ఇప్పటికీ సినిమా పాటే, ఇందులో రాజీ లేదు.

స్పిరిట్‌బాక్స్ 'సునామీ సీ' రెండు పాటలు విన్నాం. కోర్ట్నీ లాప్లాంట్ గొంతు రెండు రకాలుగానూ అదిరింది. డ్రమ్స్ దగ్గర మాత్రం నా చెవికి మళ్ళీ అదే అచ్చు. డబుల్‌పెడల్ ఒప్పుకోలేదు, వాదన వీధి గేటు దాకా సాగింది, ఇంకా తెగలేదు.

బ్లడ్ ఇన్‌కాంటేషన్ పెట్టినప్పుడు తాతగారు మాట్లాడటం మానేశారు. లేచి వెళ్ళి స్పీకరు పెట్టె మీద ఎడమచెయ్యి పెట్టారు, ఆ కొస లేని వేలితో సహా. పాట సాగినంతసేపూ తియ్యలేదు. తర్వాత కేక అడిగితే, "అక్కడ చర్మం పలచన, మిగతా వేళ్ళకన్నా దీనికే బాగా తెలుస్తుంది" అన్నారు. ఏ పాట దగ్గర ఎక్కువ తెలిసిందని అడిగాను. సబ్బాత్ అంటారనుకున్నా. "ఆ పిల్ల అరిచింది చూడు, దానికి" అన్నారు, రిషికొండ వాడు పట్టుబట్టి పెట్టించిన లింకిన్ పార్క్ గురించి.

రిషికొండ_రిఫ్ · సోమవారం రాత్రి 11:02

ఆ ముక్క స్క్రీన్‌షాట్ తీసి అన్నయ్యకి పంపేశా.

ఉక్కునగరం_తాత · మంగళవారం ఉదయం 5:55

ఎనిమిదింటికి మా ఆవిడ వచ్చేసరికి హాలంతా మురీలు. ఎవరు తిన్నారో వాళ్ళే వచ్చే సోమవారం చీపురు పట్టాలి. గాజువాక బాబూ, నీ ఇయర్‌ఫోన్స్ ఇక్కడే మర్చిపోయావు. కుడివైపుది కూడా పలకడం లేదు.